మోసి చూశాకే కొన్నాను

వాహనాలు నిలిపే చోట ప్లగ్ పాయింట్ లేకపోవడం వల్ల, బ్యాటరీ తీసి మూడో అంతస్తుకు తీసుకెళ్లగలిగే విద్యుత్ స్కూటర్‌నే ఎంచుకున్నాను. అందరూ ముందు మైలేజీ అడుగుతారు గానీ, నా దృష్టిలో ముందు చూడవలసింది బరువు; 10 కిలోల బ్యాటరీని షోరూములో ఒకసారి ఎత్తడం వేరు, రోజూ మెట్లెక్కి మోయడం వేరు. పిడి అరచేతిని ఒరుసుకుంటుందా, అంచు మోకాలికి తగులుతుందా అన్నది నాలుగడుగులు మోస్తేనే తెలుస్తుంది. సామర్థ్యం లెక్క తేలికే: 60 వోల్టులను 30 ఆంపియర్-అవర్లతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు; కిలోమీటరుకు 30 వాట్-అవర్లు ఖర్చయ్యే బండి దానితో సుమారు 60 కిలోమీటర్లు పోతుంది. రోజూ తీసిపెట్టే బ్యాటరీకి, దాన్ని బండికి కలిపే కనెక్టరే ఆయువుపట్టు. పిన్నులు వదులైతే అక్కడ వేడి పుడుతుంది కనుక, బిగించే ముందు ప్రతిసారీ అవి వదులు కాలేదని, దుమ్ము, తడి లేవని చూసుకుంటాను. పడుకునే గదిలో మాత్రం ఎప్పుడూ ఛార్జింగ్ పెట్టను.