గుణదలలో నేను తప్పిపోయిన రోజు

నాకు 58 ఏళ్లు. పదిహేను రోజులకోసారి, ఆదివారం పొద్దున్నే జుట్టుకు రంగు వేసుకున్నాకే గుడికి బయల్దేరే మనిషిని. పెళ్లికి ముందు కామెర్లు ముదిరి మంచాన పడ్డప్పుడు, నా తలనీలాలు ఇస్తానని అమ్మ విజయవాడలోని గుణదల మరియమాతకు మొక్కుకుంది. "ఈ ఏడు కాదులే అమ్మా" అంటూ ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చాను. కిందటి వానాకాలంలో అమ్మ పోయింది. ఆమె పెట్టె సర్దుతుంటే, మొక్కు కోసం చేతిరుమాల్లో ముడేసి దాచిన డబ్బు దొరికింది. అందులో చెల్లని పాత ఐదొందల నోటు ఒకటి.

2024 ఫిబ్రవరి 11, ఆదివారం. నేనూ మా ఆవిడా తెల్లారకముందే విజయవాడ బస్టాండులో దిగాం. ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్త అనే అమ్మాయికి మరియమాత మొదటిసారి కనిపించింది 1858లో ఇదే తేదీన. గుణదలలో ఫాదర్ అర్లాటి మాత స్వరూపాన్ని నిలిపింది 1924లో. అంటే నేను వెళ్లేసరికి వందేళ్లు. ఆటో దిగిన దగ్గర్నుంచీ జనమే జనం.

బయల్దేరే ముందు రోజు కూడా రంగు వేసుకున్నాను. ఎందుకని అడగకండి. గుణదలలో మంగలి కుర్రాడు "రా అన్నా, కూర్చో" అన్నాడు. నీళ్లు చల్లి బ్లేడు పెట్టగానే చెంపల మీదుగా నల్లనీళ్లు కారి చొక్కా కాలరు పాడైంది. పక్కన జుట్టు కుప్పగా పడి ఉంది. నలుపు, తెలుపు, గోరింటాకు ఎరుపు, పసిపిల్లల పల్చటి వెంట్రుకలు. నాదీ అందులో పడింది. రెండు నిమిషాల తర్వాత వెతికితే నా జుట్టు ఏదో నాకే తెలియలేదు. లేచేటప్పుడు ఆ కుర్రాడే "మెల్లగా పెద్దాయనా, మెట్లు చూసుకో" అన్నాడు.

కొవ్వొత్తుల దుకాణం దగ్గర నిలబడతానన్న మా ఆవిడ అక్కడ లేదు. నా ఫోనేమో ఆమె సంచిలో ఉంది. ఈమె ఎప్పుడూ ఇంతే, చెప్పిన చోట నిలబడదు అని విసుక్కుంటూ గంటసేపు తిరిగాను. మైకులో తప్పిపోయిన పిల్లల గురించి చెబుతూనే ఉన్నారు. నాలుగేళ్ల బాబు, ఎర్ర చొక్కా. ఆరేళ్ల పాప, కాళ్లకు పట్టీలు. పాపం, ఆ తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడుతున్నారో అనుకున్నాను. అంతలో మా ఊరి పేరు, వెంటనే నా పేరు. "వయసు 58, నీలం చొక్కా, నల్లటి జుట్టు."

నల్లటి జుట్టట!

అప్పటిదాకా తప్పిపోయింది ఆమే అనుకుంటున్నాను. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన కథల్లో గొర్రె తప్పిపోతుంది, నాణెం పోతుంది, చిన్నకొడుకు ఇల్లు విడిచి పోతాడు. కొడుక్కి తన సంగతి పందులు మేపుకుంటున్నప్పుడైనా తెలిసొచ్చింది. నాణేనికి తాను పోయానన్న సంగతే తెలియదు. దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి వెతికింది ఆ ఇల్లాలే. ఇన్నేళ్లుగా ఆ కథలో నేను చిన్నకొడుకునని అనుకునేవాణ్ణి. అదీ గొప్పకే.

మైకు దగ్గరికి వెళ్తే మా ఆవిడ నన్ను దాటి అవతలికి చూస్తోంది. "ఏమే" అన్నాక గాని గుర్తుపట్టలేదు. "రెండుసార్లు మీ పక్కనుంచే వెళ్లానండీ, ఎవరో ముసలాయన అనుకున్నా" అంటూ నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది.

మూడో రోజు, ఈస్టర్ ముందరి ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం. ఆ ఏడు వాలెంటైన్స్ డే కూడా అదే రోజు పడింది. ప్రసంగి గ్రంథంలో మనం 'వ్యర్థము' అని చదివే మాట హీబ్రూలో 'హెవెల్' అట, ఊపిరి, ఆవిరి అని అర్థమట. బైబిల్లో మొట్టమొదట చనిపోయిన హేబెలు పేరు కూడా అదేనని ఫాదర్ చెప్పారు. తర్వాత, కిందటేడు మట్టల ఆదివారం నాటి కొమ్మలు కాల్చిన బూడిద తీసుకుని వరసగా అందరి నుదుళ్ల మీద సిలువ గీశారు. నా దగ్గర నుదురెక్కడ ఆగి తలెక్కడ మొదలైందో తెలియక ఆయన వేలు కాస్త పైకే పోయింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ స్నానాలగదిలోంచి కేకేసింది. "ఏవండీ, ఈ రంగు పాకెట్లు పారేయనా?"

"ఉండనీ" అన్నాను.