తిప్పితే సరిపోదా నాన్నా?

"ఇది తిప్పితే దాని మీద సరిగ్గా కూర్చుంటుంది నాన్నా. ఇంకేం రాయాలి?" అంది మా పాప.

సెలవులకు కావలి వచ్చాం, బడిలో ఇచ్చిన లెక్కలూ మాతోనే వచ్చాయి. గళ్ళ కాగితం మీద రెండు త్రిభుజాలు. అవి సర్వసమానమని, అంటే ఆకారమూ కొలతలూ అచ్చంగా ఒకటేనని చూపించాలి. పాప ఒకదాన్ని ట్రేసింగ్ పేపర్ మీద దించుకుని, మూలబిందువు దగ్గర పెన్సిల్ మొన నొక్కిపెట్టి, గడియారానికి ఎదురు దిశలో 90 డిగ్రీలు తిప్పింది. (3, 1) దగ్గరున్న శీర్షం (–1, 3) మీదికి వెళ్ళింది. మిగతా రెండు శీర్షాలూ రెండో త్రిభుజం శీర్షాలతో కలిసిపోయాయి.

నేను ఒప్పుకోలేదు. రెండు భుజాలూ వాటి మధ్య కోణమూ సమానమైతే త్రిభుజాలు సర్వసమానం అనే నియమం భు.కో.భు. ఈ ఊళ్ళోనే నేను చదువుకున్నప్పుడు అలా రాయకపోతే మార్కులు పడేవి కావు. తను రాసింది రబ్బరుతో చెరిపేసి, "భుజం, కోణం, భుజం. తెలుగులో చెప్పు" అన్నాను. లెక్కా, భాషా రెండూ ఒకేసారి వచ్చేస్తాయని ఆశ.

"అయితే నువ్వే రాసుకో" అని పెన్సిల్ కింద పెట్టేసింది.

కాసేపటికి తనే ఇంకో లెక్క తెచ్చింది. ఎంత తిప్పినా ఆ త్రిభుజం రెండోదాని మీద పడటం లేదు. మూడు భుజాల కొలతలూ ఒకటే కాబట్టి సర్వసమానమే అన్నాను. "మరి ఎందుకు పడట్లేదు?" అంటే నా దగ్గర జవాబు లేదు.

కుట్టు మిషను దగ్గరున్న మా అమ్మ ఇదంతా వింటూనే ఉంది. "ఏందిరా, పిల్లను ఏడిపిస్తా ఉండావు? అమ్మణ్ణీ, ఇట్రా" అని జాకెట్టు చేతులు రెండూ పాప ముందు పరిచింది. "చంక కాడ ముందు పక్క లోతు ఎక్కువ. ఎంత తిప్పినా కుడి చెయ్యి ఎడమ చెయ్యి కాదు. అందుకే గుడ్డ మడతేసి రెండూ ఒక్కసారే కత్తిరిస్తా."

పాప ట్రేసింగ్ పేపర్‌ని బోర్లించింది. త్రిభుజం అతికినట్టు పడింది.

వాళ్ళ బడిలో సర్వసమానత్వానికి నిర్వచనమే ఇది. జరిపో, తిప్పో, బోర్లించో ఒక ఆకారాన్ని ఇంకోదాని మీదికి చేర్చగలిగితే అవి సర్వసమానం. భు.కో.భు. లాంటివి ఆ తర్వాత దాని నుంచే వస్తాయి. ఇన్నాళ్ళూ ఇది చిన్నపిల్లల పద్ధతి అనుకున్నాను. కానీ భు.కో.భు.ని నిరూపించడానికి ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ చేసింది కూడా ఒక త్రిభుజాన్ని ఇంకోదాని మీద పెట్టడమే. అలా పెట్టడాన్ని నిరూపణగా ఒప్పుకోలేకే 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ భు.కో.భు.ని దాదాపుగా స్వీకృతాల్లో, అంటే నిరూపణ లేకుండానే ఒప్పుకునేవాటిలో చేర్చాడు. పెద్దలు అంతకాలం తర్జనభర్జన పడ్డ ప్రశ్న నా కూతురు చేతిలో ఉంటే, నేను చెరిపేశాను.

పిల్లలకు తెలుగు ఎలా నేర్పుతున్నావని స్నేహితులు అడిగితే, బలవంతం చెయ్యొద్దని చెబుతుంటాను. ఇంట్లో చేసేది ఇదీ. అలాగని వదిలేస్తే సర్వసమానం అన్న మాట తనకు ఎవరు చెబుతారు? అమ్మ ఆ మాట ఎరగదు. అయినా పాపకు అర్థమైంది ఆమె తెలుగులోనే.

చెరిపిన చోట కాగితం కాస్త లేచిపోయింది. అక్కడ ఏం రాస్తావని ఇంకా అడగలేదు.