నిద్రకి కోకిల వద్దు, కీచురాళ్లు చాలు

పల్లె చప్పుళ్లు వింటూ నిద్రపోదామనుకునేవాళ్లు ముందు వెతికేది కోకిల కూత, నెమలి అరుపు. వినడానికి బాగుంటాయి కానీ నిద్రకి పనికిరావు. కోకిల ఒక్కో కూతకీ గొంతు పెంచుకుంటూ పోయి ఠక్కున ఆపేస్తుంది. మళ్లీ ఎప్పుడు అందుకుంటుందా అని చెవి కాచుక్కూచుంటుంది. తీతువు పిట్ట మరీ నయం, అది అరిచేదే అలికిడైందని చెప్పడానికి! (ఇంట్లో పెద్దవాళ్లుంటే అపశకునం గొడవ వేరే.) కావలసింది ఎగుడుదిగుళ్లు లేకుండా సాగే చప్పుడు. నాట్లు పడ్డ మడిలో రాత్రి కీచురాళ్లు, వాటి వెనక చిన్న కప్పలు, లేదంటే పెంకుల మీద ముసురు వాన.

మన ఇళ్లలో ఇంకో చిక్కు సీలింగ్ ఫ్యాన్. దాని మోత ఎక్కువగా కింది స్థాయిలో, అంటే బొంగురు శ్రుతిలో ఉంటుంది. వాన హోరు, గువ్వల కూత అందులో కలిసిపోతాయి, వినబడటం లేదని సౌండు పెంచుతాం. పొలం కీచురాయి కూత సుమారు 4, 5 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే బాగా పై స్థాయిలో పలుకుతుంది కాబట్టి ఫ్యాన్ తిరుగుతున్నా సన్నగా పైకి తేలుతుంది. సౌండు బాగా తగ్గించుకోవచ్చు. పడకగదిలో ఎడతెగని చప్పుడు 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాలు చెబుతాయి. అంత చిన్న చప్పుడుని ఫోన్ యాప్ సరిగా కొలవలేదు. పక్కనున్నవాళ్లు గుసగుసగా మాట్లాడినా మాట తెలుస్తోందంటే సౌండు సరిపోయినట్టే.

నెట్‌లో దొరికేవి చాలావరకు అమెరికా, యూరప్ అడవులవి. మన చేలోది కావాలంటే ఊళ్లో ఉన్నవాళ్లతో రికార్డు చేయించుకోవడమే మేలు. జులై నుంచి సెప్టెంబరు దాకా అదను. రెండు మంచి వానలు పడ్డ మర్నాడు రాత్రి 9 దాటాక చూడండి. మడి నిండా నీళ్లుంటే బోరు మోటార్లు ఆగి ఉంటాయి. తెలంగాణలో 2018లో సాగుకి 24 గంటల కరెంటు వచ్చాక మోటారుకి రాత్రీ పగలూ తేడా లేదు, దాని గుంయ్‌మనే మోత ఒకసారి రికార్డులో పడితే తర్వాత తీసేయడం కష్టం.

ఫోన్‌లో మామూలు వాయిస్ రికార్డర్ వాడితే కీచురాళ్లు మాయమైపోవచ్చు. మాట తప్ప ఆగకుండా వచ్చే ప్రతి చప్పుడూ దానికి గోలే, అణిచేస్తుంది. నాయిస్ రిడక్షన్ (ఇలా గోల అణిచేయడం), ఆటో గెయిన్ (సౌండుని తనంతట తనే పెంచి తగ్గించడం) ఆపే వీలున్న యాప్ కావాలి. వేవ్ (WAV) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెడితే స్టీరియోలో గంటకి ఒక జీబీ పడుతుంది. యాప్ మీటరులో లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఫోన్‌ని గట్టు మీద చిన్న స్టూలు వేసి దానిపై ఆనించి, ఇరవై అడుగులు ఇవతలికి వచ్చేయాలి. పక్కనే నిలబడితే దోమల్ని కొట్టుకునే చప్పుడు కూడా పడుతుంది. అలికిడికి కప్పలు నోరు మూసుకుంటాయి కనక మొదటి ఐదు నిమిషాలు తర్వాత కత్తిరించేయాలి. గట్టు మీద పాములుంటాయి, టార్చి, బూట్లు లేకుండా ఎవర్నీ పంపకండి.

ఫైలు పంపేటప్పుడు జాగ్రత్త. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే బాగా కుదించేస్తుంది, కీచురాళ్ల కూత నీళ్లలో నానినట్టు వినిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది స్థాయి చప్పుళ్లని తగ్గించేది) వేస్తే గాలి గుబగుబ, దూరపు లారీల మోత చాలావరకు పోతాయి. కుక్క అరుపు, తీతువు కూత ఉన్న ముక్కలు తీసేసి, అతుకు దగ్గర ఐదారు సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా రెండోది పెరగడం) ఇవ్వండి. కనీసం అరగంట నిడివి మిగలాలి. మూడు నిమిషాల ముక్కని తిప్పి తిప్పి వేస్తే ఫలానా కప్ప ఎక్కడ అరుస్తుందో రెండో రోజుకే కంఠతా వచ్చేస్తుంది, ఇక నిద్రెక్కడ!

ఫోన్ స్పీకరులో కింది స్థాయి చప్పుడు పలకదు, కీచురాయి ఒక్కటే గీరినట్టు మిగులుతుంది. చిన్న బ్లూటూత్ స్పీకరుని తలగడ దగ్గర కాకుండా గది అవతలి మూల, గోడవైపు తిప్పి పెట్టండి. కొన్ని స్పీకర్లు సౌండు మరీ చిన్నదైతే పాట అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. అలాంటప్పుడు ఫోన్‌లో పెంచి స్పీకర్లో తగ్గించాలి. ఫైలు నిడివి ఎంతో టైమరు అంతకి పెట్టండి, ఉన్నట్టుండి తెగిపోకుండా ఫైలు చివర ఐదు నిమిషాలు మెల్లగా తగ్గిపోయేలా ఫేడ్ అవుట్ ఇవ్వండి. టక్కున ఆగితే ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేవాళ్లున్నారు.

అమ్మమ్మకో తాతయ్యకో పెడుతుంటే ఈ లెక్క మారుతుంది. వయసు పైబడ్డాక ముందు తగ్గేది పై స్థాయి వినికిడే కాబట్టి, మనకి గీ మని వినిపించే కీచురాళ్లు వాళ్లకి అసలు వినపడకపోవచ్చు. వాళ్లకి ముసురు వాన పెట్టి, ఫ్యాన్ ఒక పాయింటు తగ్గించండి.