"కనిపిస్తంది" అన్న ఒక్క మాట: మా చెల్లి విషయంలో నా అనుభవం

నిన్న సాయంత్రమే శ్రీకాకుళం నుంచి తిరిగొచ్చాం. చెల్లిని మూడోసారి మానసిక వైద్యుల దగ్గర చూపించాం. డాక్టరుగారు పది నిమిషాల్లో పంపేశారు: మందు అదే, డోసు అదే, నెల తర్వాత రండి అని. ఆసుపత్రి గురించి చెప్పడానికి అంతకు మించి ఏమీ లేదు. ఆ గుమ్మం దాకా చేరేలోగా నా ఫోను మా ఇంటిని ఏం చేసిందో మాత్రం చెప్పాలి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది పర్లాకిమిడి. చెల్లి పురిటికి పుట్టింటికొచ్చింది, ఆడపిల్ల పుట్టింది. పురుడు సుఖంగానే జరిగింది. మూడో వారం నుంచి దాని తీరు మారింది. కత్తిపీట ఎక్కడో దాచేసింది. పెరట్లో నుయ్యి ఉందని ఆ తలుపు తీయనిచ్చేది కాదు. పాలివ్వడం అయిన మరుక్షణం పాపని అమ్మ ఒళ్లో పెట్టేసి అవతలికి పోయేది. బద్ధకం అనుకుని అమ్మ విసుక్కునేది. ఒక రాత్రి నా పక్కన పడుకుని చెప్పింది: "అప్పా, పాపని నూతిలో పడేసినట్టు కనిపిస్తంది. వద్దనుకున్నా వస్తంది. నానేటి రాచ్చసినా?"

ఆ రాత్రే ఫోను పట్టుకున్నాను. బాలింతకి చెడ్డ ఆలోచనలు అని తెలుగులో కొట్టాను. ముందు వచ్చినవన్నీ వీడియోలు: బాలింతకి గాలి సోకింది, నిమ్మకాయ దిగదుడవండి, ఫలానా నంబరుకి ఫోన్ చేయండి. వాటి కింద కన్నబిడ్డని చంపిన తల్లుల వార్తలు, ఎర్ర అక్షరాలతో. ఇంకా కిందికి వెళ్తే ఆరోగ్యం గురించిన పేజీలు కొన్ని దొరికాయి. యంత్రం చేత అనువాదం చేయించి పెట్టినట్టున్నాయి. ప్రసవానంతర చొరబాటు ఆలోచనలు అట. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని, నాకే మూడుసార్లు చదివితే తప్ప అర్థం కాలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని ఆయన పట్టుబట్టారు, కొండమీది సవరల పిల్లలకి వాళ్ల మాటలోనే వాచకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండ వేస్తాం. బిడ్డని చూసి భయపడుతున్న తల్లికి మాత్రం, వద్దన్నా వచ్చే ఆలోచన అని ఇంట్లో మాటలా రాసిన పేజీ ఒక్కటి నాకు ఆ రాత్రి దొరకలేదు.

దొరికింది ఒక పెద్దమనిషి వీడియో. తెల్లకోటు, వెనక పుస్తకాల బీరువా, చక్కని తెలుగు. పేరు ముందు డాక్టర్, కింద క్లినికల్ సైకాలజిస్ట్. ఇక్కడే నేను తప్పు చేశాను. చక్కగా మాట్లాడాడని నమ్మేశాను. వీడియో కాల్‌కి పదిహేను వందలు కట్టాను.

ఆ రోజే టెక్కలి నుంచి చెల్లి అత్తగారు, మా మరిది పాపని చూడ్డానికి వచ్చారు. అందరూ వింటే మంచిదే కదా అని నేనే స్పీకర్ పెట్టాను. చెల్లి పాపం తల దించుకుని నాతో అన్న మాటే ఆయనతోనూ అంది, నూతిలో పడేసినట్టు కనిపిస్తంది అని. ఆయన మరో ప్రశ్న అడగలేదు. "లేనివి కనిపిస్తున్నాయి. ఇది సైకోసిస్. బిడ్డని వెంటనే తల్లి నుంచి వేరు చేయండి. మా ఆరు వారాల కోర్సులో చేరండి." మొత్తం పన్నెండు నిమిషాలు.

కాల్ ఇంకా అవ్వనేలేదు, అత్తగారు లేచి పాపని ఎత్తుకున్నారు. చెల్లి అడ్డం వెళ్లలేదు. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది. తను నిజంగానే ప్రమాదం అని నమ్మేసింది, గోడకి జారబడి చేతులు చీరకొంగులో దాచుకుంది. అత్తగారు గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నారు: "సదువుకున్నదానివి, నువ్వే కదమ్మా ఆ డాట్రుని తెచ్చినావు. ఇప్పుడు నువ్వే వద్దంతావేటి?" మా బడిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా, ఏ ఆన్‌లైన్ ఫారం నింపాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ రోజు వీధిలో నలుగురూ చూస్తుండగా ఆటో ఎక్కిన ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. తొమ్మిది రోజులు పాప టెక్కలిలో డబ్బా పాల మీద ఉంది. ఇక్కడ చెల్లి రొమ్ములు రాయిలా గడ్డకట్టి, వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ ఏడ్చింది.

ఆరో రోజున మా బడికొచ్చిన ఆశా కార్యకర్త 14416 చెప్పింది. టెలీ మానస్ అది, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే నంబరు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. అవతల మాట్లాడినమ్మాయి చెల్లిని అడిగిన మొదటి ప్రశ్న వినగానే నా ఒళ్లు జలదరించింది. "కనిపించడం అంటే కంటికి కనిపిస్తోందా అమ్మా, మనసులో మెదులుతోందా?" మనసులోనే అంది చెల్లి. అలా వచ్చినప్పుడు ఏమనిపిస్తుంది? చచ్చిపోవాలన్నంత భయమేస్తుంది. ఎవరైనా చేయమని చెప్పినట్టు వినిపిస్తోందా? లేదు. చచ్చిపోవాలని నిజంగా అనిపిస్తోందా? లేదు. పాప నిద్రపోతే నువ్వు నిద్రపోగలవా? పోతాను. ఫోన్లో జబ్బు పేరు పెట్టను, ఈ వారంలోనే మానసిక వైద్యుల్ని కలవండి అని చెప్పింది.

శ్రీకాకుళంలో డాక్టరుగారు పేరు పెట్టారు: ఓసీడీ. వద్దన్నా అదే ఆలోచన మళ్లీ మళ్లీ వచ్చి పీడించే జబ్బు. ఈ రకం ఆలోచన చాలామంది కొత్త తల్లులకి ఒక్కసారైనా తగిలి పోతుందట, కొందరిలో పోకుండా పట్టుకుంటుందట. ఆ ఆలోచనకి అంతలా హడలిపోవడమే తేడా అన్నారు. హడలిపోయే మనిషి కత్తిపీట దాస్తుంది, బిడ్డకి హాని చేయదు. సైకోసిస్ వేరు. అది వెయ్యి పురుళ్లలో ఒకటీ రెండింటికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నిద్ర పూర్తిగా పోతుంది, మాటలు వినిపిస్తాయి, బిడ్డ గురించి వింత నమ్మకాలు పుడతాయి, పైగా అది జబ్బని మనిషికి తెలియదు. అలాంటప్పుడు గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అంత జబ్బుకి కూడా బెంగుళూరులోని నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో 2009 నుంచి తల్లీబిడ్డల్ని కలిపి చేర్చుకునే వార్డు ఉంది. మా దానికి పన్నెండు నిమిషాల్లో బిడ్డని లాగేయమన్నాడు ఆ మహానుభావుడు.

ఇంటికొచ్చి ఆయన పేరు వెతికాను. డాక్టర్ల పేర్లు నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. రెండు చోట్లా ఆయన పేరు లేదు. నమోదు నంబరు చెప్పమని మెసేజ్ పెడితే నన్ను బ్లాక్ చేశాడు. అందుకే గట్టిగా చెప్తున్నాను: నంబరు అడగండి, సిగ్గుపడకండి. కోర్సు అమ్మేవాడి నోట జబ్బు పేరు వినకండి. రాసిందెవరో, ఎప్పుడు రాశారో లేని పేజీ ఎంత బాగున్నా మూసేయండి.

డాక్టరుగారు ఓసీడీకి సెర్ట్రలిన్ అనే మందు రాశారు. పాలిచ్చే తల్లి కదా అని నాకు భయం. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వెబ్‌సైట్లో ఉండే లాక్ట్‌మెడ్‌లో చూశాను, పాలిచ్చే తల్లుల మందుల వివరాలుండే చోటది. ఇంగ్లీషే, కానీ ప్రతి మందుకీ పాలలోకి ఎంత వెళ్తుందో, ఏ పరిశోధనలో తేలిందో ఉంటుంది. ఈ మందు పాలలోకి వెళ్లేది చాలా తక్కువ అని ఉంది, డాక్టరుగారు చెప్పిందీ అదే. గుణం కనిపించడానికి వారాలు పడుతుందని ముందే చెప్పారు, లేకపోతే పదో రోజునే మానిపించేవాళ్లం.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. నానలా చేయను కదా అప్పా అని చెల్లి రోజుకి యాభైసార్లు అడిగేది, చేయవమ్మా అని మేం యాభైసార్లు చెప్పేవాళ్లం. ఆ ఓదార్పే జబ్బుకి మేత అట. ఇప్పుడు అడిగితే, "ఆలోచన వచ్చిందా? రానీ, పాపకి చొక్కా తొడుగు" అంటున్నాం. మొదటి వారం అమ్మ వల్ల కాలేదు, అది ఏడుస్తుంటే రాయిలా ఎలా ఉండమంటావే అని నా మీద పడింది.

పాపని తేవడానికి డాక్టరుగారి చీటీ పట్టుకుని నేనే టెక్కలి వెళ్లాను. అత్తగారు చీటీ చూడలేదు. "కనిపిస్తంది అంటే కంటికి కాదు పిన్నీ, మనసుకి" అన్నాను. కాసేపు ఊరుకుని, "నాకూ నా పెద్దోడప్పుడు అలగే అయ్యీదమ్మా. ఎవులికీ సెప్పనేదు" అన్నారు. పాప బట్టల సంచీ ఆవిడే సర్ది ఇచ్చారు.

మొన్న ఆదివారం చెల్లి పాపకి తనే నీళ్లు పోసింది, పెరట్లో, నూతి గట్టు పక్కనే. చేతులు వణికాయి. అమ్మ గుమ్మంలోనే నిలబడింది, దగ్గరికి వెళ్లలేదు.