తీర్మానాల పుస్తకంలో మా మాట రాయించడానికి ఐదు నెలలు పట్టింది

నిన్న ఐదు గంటల బస్సు ఎక్కి చీకటి పడకముందే ఇల్లు చేరాం. ఏడాది తర్వాత, డయాలసిస్ జరిగిన రోజు రాత్రి మా ఆయన తన మంచం మీద పడుకున్నాడు. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. పట్నంలోని ప్రభుత్వాసుపత్రికి 30 కిలోమీటర్లు. మా ఆయనకు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి చేతి నుంచి పెట్టేది లేదు, పింఛన్ వస్తోంది. నర్సమ్మలను ఒక్క మాట అనను, సూదులు గుచ్చే ఫిస్టులా చేతిని పసిబిడ్డ చేయిలా పట్టుకుంటారు. మా బాధంతా షిఫ్టుతోనే. మూడో షిఫ్టు నాలుగున్నరకు మొదలు. సూదులు తీసి, రక్తం ఆగి, బీపీ చూసి పంపేసరికి తొమ్మిది. మా ఊరి ఆఖరి బస్సు ఏడున్నరకే వెళ్లిపోతుంది. పల్లెల నుంచి వచ్చే ఆరుగురినీ ఆ షిఫ్టులోనే వేశారు. ఆసుపత్రి చుట్టుపక్కల వీధులవాళ్లు పొద్దున షిఫ్టులో ఉన్నారు. డయాలసిస్ అయిన మనిషికి కాళ్లు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషిని బస్టాండు బల్ల మీద పడుకోబెట్టి, తెల్లారేదాకా కొంగుతో దోమలు తోలేదాన్ని. వారానికి మూడు రాత్రులు ఇదే పని.

షిఫ్టు మార్చమని అర్జీ ఇవ్వడం తేలికగానే అయింది. ఆరు కుటుంబాల సంతకాలు పెట్టించి ఇచ్చాను, నా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. "అభివృద్ధి కమిటీ మీటింగ్‌లో పెడతాం, రోగుల తరఫున నువ్వే రామ్మా" అన్నారు. ఎంత పొంగిపోయానో!

ఆ కమిటీ ఏమిటో అప్పుడే తెలుసుకున్నాను. 1994లో సూరత్ ప్లేగు భయం తర్వాత, మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ పెద్దాసుపత్రిని జనాన్ని కలుపుకుని బాగు చేశారు. అక్కడ పుట్టిందే రోగి కల్యాణ్ సమితి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక దేశమంతా పెట్టారు. మన దగ్గర దాన్ని ఆసుపత్రి అభివృద్ధి సంఘం అంటారు. అసలు పేరులోనే రోగి ఉన్నాడు కదా, మన మాట వింటారు అనుకున్నాను.

మీటింగ్ పదకొండుకు అన్నారు. ఆరుగురి ఊళ్లు, బస్సు టైములు ఒక కాగితం మీద రాసుకుని పదిన్నరకే పోయాను. అధ్యక్షులవారు వచ్చేసరికి రెండు దాటింది. అందాకా వరండాలో నిలబడ్డాను. లోపల కుర్చీలో కూర్చోబోతే గుమాస్తా "అవి సార్లకమ్మా, నువ్వు తలుపు దగ్గర నిలబడు, పిలుస్తాం" అన్నాడు. గోడల రంగులు, జనరేటర్ డీజిలు బిల్లు, పారిశుధ్యం కాంట్రాక్టు, ఇవే మాట్లాడుకున్నారు. షిఫ్టుల ఊసే లేదు. అధ్యక్షులవారు లేచి వెళ్తూ "ఎవరీమె?" అన్నారు.

"డయాలసిస్ పేషెంట్ భార్య సార్. షిఫ్టు గురించి ఏదో అర్జీ ఇచ్చింది."

"మిషన్లు పెట్టించినాం, ఫ్రీగా చేస్తున్నాం. ఇంకా ఏం కావాలమ్మా మీకు?"

అందరూ నా వైపే చూశారు. నోట మాట రాలేదు. చేతిలో కాగితం చెమటకు నానిపోయింది. ఆయన వెళ్లిపోయారు. గుమాస్తా పుస్తకం తెచ్చి, పైన రాసినదానికి చేయి అడ్డం పెట్టి "ఇక్కడ సంతకం పెట్టు, మీ ఆయనకు టైమ్ అయితాంది కదా" అన్నాడు. పెట్టేశాను.

పదకొండేళ్లు పొదుపు సంఘం లీడర్‌గా చేసినదాన్ని నేను. ఓర్వకల్లు ఆడవాళ్ల పొదుపు గురించి ఊరూరా చెప్పుకునే జిల్లా మాది. తీర్మానం రాయాలి, చదివి వినిపించాలి, చదువు రానివాళ్లకు రెండోసారి చెప్పాలి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో. ఒక్కసారి కూడా ఈ వరుస తప్పనివ్వలేదు. అట్లాంటిదాన్ని చదవకుండా సంతకం పెట్టాను. ఆ రాత్రి బస్టాండులో ఏడ్చాను.

మర్నాడే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "ఎందుకు చేశారు" అని అడిగితే తప్పించుకుంటారు. "ఫలానా తేదీ మీటింగ్ తీర్మానాల నకలు ఇవ్వండి" అని కాగితం పేరు పెట్టి అడగండి. 28వ రోజు వచ్చింది. అందులో ఇలా ఉంది: "డయాలసిస్ సేవల పట్ల రోగుల ప్రతినిధి పూర్తి సంతృప్తి వ్యక్తం చేశారు." దాని కింద నా సంతకం.

రోగులను పిలిచామని చూపించుకోవడానికి మనిషిని పిలిచి, మనం అనని మాట మన నోట్లో పెట్టడం కన్నా అసలు పిలవకపోవడమే నయం. పక్కన కర్ణాటక, తమిళనాడుతో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో 2007లో ఒక పద్ధతి మొదలుపెట్టారని పొదుపు సంఘం శిక్షణలో విన్నాను. ఊరి జనమే ఆసుపత్రి పనికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని మార్కులు వేసి, జన సంవాద్ అనే సభలో అధికారుల ముందు చదివేవారట. ఆ తొమ్మిదిలో మన రాష్ట్రం లేదు. ఉండి ఉంటే నేను తలుపు దగ్గర నిలబడేదాన్ని కాదు.

ఆ నకలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమానికి పోయాను. రెండు సోమవారాలు తిరిగాక, తర్వాతి మీటింగ్‌కు నన్ను పిలవాలని ఆసుపత్రికి కాగితం వచ్చింది. ఈసారి ఒక్కదాన్నే పోలేదు, ఇద్దరు రోగులను, ముగ్గురు సంఘం అక్కలను వెంటబెట్టుకుపోయాను. కుర్చీలో కూర్చున్నాను. మా బస్సు టైములు చదివాను. "మాకు పైసా ఇవ్వొద్దు సార్. దగ్గరివాళ్లను మూడో షిఫ్టుకు, దూరంవాళ్లను ముందు షిఫ్టులకు మార్చండి, అంతే" అన్నాను. పెద్ద డాక్టరు గారు ఆఖరి బస్సు ఏడున్నరకని అప్పటిదాకా తనకు తెలియదన్నారు. ఆయన మాట నమ్మాను. ఆయన ఎప్పుడూ ఆ బస్సు ఎక్కలేదు కదా. తీర్మానం రాశాక "చదివి వినిపించండి" అన్నాను. గుమాస్తా నా మొహం చూడకుండా చదివాడు. రెండు అక్షరాలు దిద్దించి సంతకం పెట్టాను.

ఒక మాట. రోగి ఒక్కడే పోతే ఎవరూ లెక్కచేయరు, నలుగురిని తీసుకుపోండి. పెన్ను కూడా మీదే తీసుకుపోండి.

వారంలో షిఫ్టులు మారాయి. మా ఆరుగురిలో నలుగురికి రెండో షిఫ్టు, ఇద్దరికి మొదటిది ఇచ్చారు. మూడో షిఫ్టుకు మారిన పట్నంవాళ్లలో ఒకాయన నాతో మాట్లాడటం మానేశాడు. కానీ ఆయన ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే. రోగులకు తోడుగా వచ్చే ఆడవాళ్ల మరుగుదొడ్డికి రాత్రి తాళం వేస్తున్నారు, వచ్చే మీటింగ్‌కు దాని మీద అర్జీ రాసి పెట్టాను. సంతకాలు తొమ్మిది అయ్యాయి.