నిరోష్ఠ్యం

ఏడో తరగతి పిల్లలకి ప్రతి ఏడూ చెప్పే పాఠమే. ప ఫ బ భ మ. రెండు పెదవులూ కలిస్తేగానీ పుట్టవు కాబట్టి వీటిని ఓష్ఠ్యాలన్నారు. నమ్మకపోతే రెండు వేళ్ళతో పెదవులు విడదీసి పట్టుకుని ‘మ’ అనండి చూద్దాం అంటాను. క్లాసంతా చొంగ కారుస్తూ నవ్వుతుంది. 2023 నవంబరులో ఆ అయిదక్షరాలూ నా నోటికే రాకుండా పోయాయి.

నా పై పెదవి పుట్టుకతోనే సన్నం. నలభై దగ్గరపడేసరికి ఉన్న ఆ గీత కూడా లోపలికి పోతున్నట్టనిపించేది. కోవిడ్‌లో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక రోజుకి నాలుగు గంటలు నా మొహం నేనే చూసుకోవాల్సొచ్చింది. అంతకుముందు అద్దం ముందు అయిదు నిమిషాలుంటే గొప్ప. 2022లో ఫిల్లర్ వేయించుకున్నాను. హయలురోనిక్ యాసిడ్ జెల్, సూదితో ఎక్కిస్తారు. బాగానే ఉంది గానీ ఏడాది తిరక్కుండానే కరిగిపోయింది. మళ్ళీ వెళ్తే క్లినిక్‌లో ఆయన, “ఊరికే ప్రతిసారీ ఖర్చెందుకు మేడం, ఇంప్లాంట్ పెట్టించేసుకోండి. పర్మనెంట్. వద్దనుకుంటే తీసేయొచ్చు” అన్నాడు.

ఆ ‘వద్దనుకుంటే తీసేయొచ్చు’ దగ్గరే పడిపోయాను. ఫిల్లర్ నచ్చకపోతే దాన్ని కరిగించే ఇంజెక్షనుంది. ఈ ఇంప్లాంట్ సిలికాన్ ముక్క. దానికి అలాంటిదేం లేదు, తీయాలంటే మళ్ళీ కోయాల్సిందే. పూర్ణా మార్కెట్‌లో కిలో చింతపండు కోసం మూడు కొట్లు తిరిగేదాన్ని, నా మూతి మీద కత్తి పెట్టే మనిషి ఏం చదివాడని ఒక్క ముక్క అడగలేదు. మా ఆయన స్టీల్ ప్లాంట్ నైట్ షిఫ్టుకి బయల్దేరుతూ “నీ ఇష్టం” అన్నాడు. అది సరే అన్నట్టా, వద్దన్నట్టా అని కూడా నేను అడగలేదు. రెండు నెలల జీతం కట్టేశాను.

దసరా సెలవుల్లో చేశారు. అరగంట పని. మత్తు పెదవి వరకే ఇచ్చారు. నోటి రెండు మూలలా చిన్న గాటు పెట్టి, లోపల దారి చేసి, ఆ సిలికాన్ ముక్కని ఒక మూల నుంచి ఇంకో మూలకి లాగారు. నొప్పి లేదు. లోపల ఏదో పాకుతున్నట్టు మాత్రం తెలిసింది. వారానికి కుట్లు తీశారు. వాపు తగ్గింది. నిజం చెప్పాలంటే ఓ పది రోజులు నాకు నేను బాగా నచ్చాను. నాగుల చవితికి తీసుకున్న ఫోటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది, డిలీట్ చేయలేదు.

నవంబరు మూడో వారంలో ఎడం మూల గట్టిపడింది. నాలుకతో తడిమితే మెంతిగింజంత బుడిపె. రెండు రోజుల్లో దాని చుట్టూ వాచి, పై పెదవి బిగుసుకుపోయింది. కింది పెదవితో కలవదు. టీ తాగితే ఎడం పక్క నుంచి కారేది. పులిహోరలో ఎండుమిరపకాయ తగిలితే కళ్ళలోంచి నీళ్ళొచ్చేవి. క్లినిక్‌కి ఫోటో పంపితే, “స్వెల్లింగ్ నార్మల్ మేడం, ఇది వేసుకోండి” అని వాట్సాప్‌లో ఒక యాంటీబయాటిక్ పేరు. వేసుకుంటే నాలుగు రోజులు తగ్గింది. మానేసిన మూడో రోజుకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మందు, మళ్ళీ అదే వరస.

అప్పుడైనా ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా? వెళ్ళలేదు. జ్వరమొస్తే చెప్పుకోవచ్చు, కాలు విరిగితే చెప్పుకోవచ్చు. ఇది డబ్బిచ్చి తెచ్చుకున్న రోగం. ఎవరికి చెప్పినా ముందు వాళ్ళ కళ్ళు నా మూతి మీదికి వెళ్తాయి, తర్వాత ‘నీకెందుకొచ్చిందమ్మా ఈ వయసులో’ అని మొదలవుతుంది. విజయనగరం నుంచి మా అత్తయ్య వచ్చి, “ఏటమ్మా, మూతికి తేనెటీగ కుట్టిందేటి?” అంటే పంటి ఇన్‌ఫెక్షన్ అని చెప్పేశాను. పాపం ఆవిడ రోజూ లవంగం నూనె తెచ్చిచ్చేది. స్కూల్లో మళ్ళీ మాస్క్ తగిలించాను. అందరూ తీసి పారేసి ఏడాది దాటింది. విశాఖ ఉక్కలో ఆ గుడ్డ కింద నా ఊపిరి నాకే వాసన వేసేది. పిల్లలు కోవిడ్ మళ్ళీ వచ్చిందా టీచర్ అనడిగారు.

ఆ వారంలోనే డిక్టేషన్ పెట్టాను. మామూలుగా పెట్టే పది మాటలు. ఇంటికొచ్చి నోట్సులు దిద్దుతుంటే, ఎప్పుడూ పదికి పది తెచ్చుకునే ఒకమ్మాయి పుస్తకంలో ‘వావిడి పండు’ అని ఉంది. కింద ‘వారతం’. గుండ్రటి చేతిరాత, ఎక్కడా కొట్టివేత లేదు. మిగతా పిల్లలు నేనేం చెప్పబోయానో ఊహించి మామిడి, భారతం అని రాశారు. ఆ పిల్ల ఒక్కతే నేను పలికింది పలికినట్టు రాసింది. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తప్పు కొట్టడానికి చెయ్యి రాలేదు. రెండిటికీ టిక్ పెట్టాను.

తెలుగులో నిరోష్ఠ్యమని ఒకటుంది. పెదవి కలిసే అక్షరం ఒక్కటీ రాకుండా పద్యం చెప్పడం. అవధానంలో పృచ్ఛకులు అడుగుతుంటారు, కవులు చెప్పి మెప్పిస్తారు. నేను ఏ పృచ్ఛకుడూ అడక్కుండానే అమ్మ అనే మాట లేని భాష మాట్లాడుతున్నాను. మా పాప పేరు మొదటక్షరం కూడా ‘భ’యే. ఆ రోజుల్లో దాన్ని ‘నాన్నా’ అనే పిలిచాను.

డిసెంబరు మొదటి వారం, మిచాంగ్ తుపాను వానలు. రాత్రి చలిజ్వరం మొదలైంది. తెల్లారేసరికి వాపు ముక్కు కిందికి పాకింది. బుడిపె నెత్తిన తెల్లగా ఏదో కనపడుతోంది. చీము అనుకుని అద్దం ముందు గోటితో తాకాను. కదిలింది, కానీ ఊడలేదు. లోపలున్నదాని కొస అది. మా ఆయన షిఫ్టు దిగి అలాగే తడిసిన బట్టలతో బండి తీశాడు. మహారాణిపేటలో ఒక ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారని మా తోటి టీచర్ చెప్పింది, ఆవిడ తోడికోడలు నర్సు. నేను మాస్క్ పెట్టుకున్న మొదటి రోజే ఆ టీచర్‌కి అర్థమైపోయిందట. “నువ్వు చెప్తావని చూస్తున్నానక్కా” అంది.

ఆ డాక్టరుగారు తిట్టలేదు. నేను తిట్లకి తయారై వెళ్ళానేమో, తిట్టకపోయేసరికి ఏడుపొచ్చింది. “పై పెదవి, ముక్కు చుట్టూ ఉన్న చోటుని తేలిగ్గా తీసుకోకూడదమ్మా. ఇక్కడి రక్తనాళాలకి తలలోపలి నాళాలతో సంబంధముంది. ఇన్ని రోజులు ఆగాల్సింది కాదు” అన్నారు. మందులు వేసుకున్నా ఎందుకు తగ్గలేదంటే ఒకటే చెప్పారు: క్రిములు ఆ సిలికాన్‌ని పట్టుకుని, పళ్ళమీద పాచిలాగా పొర కట్టుకుని కూర్చుంటాయి. రక్తంలో వచ్చే మందు ఆ పొరలోకి సరిగ్గా చొరబడదు. పైపైవి చస్తాయి, మందు ఆపగానే లోపలివి మళ్ళీ లేస్తాయి. బీచ్‌లో రాళ్ళమీది నాచు గుర్తొచ్చింది నాకు. ఎన్ని అలలు కొట్టినా అది అలాగే ఉంటుంది.

సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించి, చీముని, అందులో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్షకి పంపి, మర్నాడే తీసేశారు. తీయడం ఇరవై నిమిషాలు. చుట్టూ మన ఒళ్ళే ఒక గట్టి తొడుగు అల్లుకుంటుందట, అందులోంచి అది జారినట్టు వచ్చేసింది. చూస్తారా అనడిగారు. స్టీల్ ట్రేలో, గాజు రంగులో, రెండు కొసలూ సన్నగా, నా చిటికెన వేలంత. దీనికా రెండు నెలల జీతం అనిపించింది ముందు. నొప్పి, భయం అన్నీ ఆ తర్వాతే.

కల్చర్‌లో స్టెఫిలోకాకస్ అనే క్రిమి వచ్చింది. దానికి పనిచేసే మందు పది రోజులు, తిన్న ప్రతిసారీ క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించడం, కారం బంద్. అత్తయ్య మెత్తగా పెరుగన్నం పిసికి పెట్టేది. మూడో రోజు ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. “అయితే నా లవంగం నూనె అంతా దండగేనా?” అంది. ఆ నెలలో నేను నవ్వింది అదే మొదటిసారి. కుట్టు లాగి చచ్చాను.

పెదవి మొద్దుబారి నాలుగు వారాలుంది. ఎడం మూల మచ్చ గట్టిపడకుండా రోజుకి మూడుసార్లు వేలితో మర్దన చేయమన్నారు. పెదవుల వ్యాయామానికి డాక్టరుగారు విజిల్ వేయమన్నారు, అది నాకు పుట్టినప్పట్నుంచీ రాదు. అందుకని రాత్రి పూట పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని గుణింతం చదివేదాన్ని. ప పా పి పీ. ‘ప’ ముందొచ్చింది. ‘మ’ కోసం ఇంకో వారం పట్టింది. ఇప్పుడు పై పెదవి మునుపటికన్నా సన్నంగా ఉంది, ఎడం పక్క కొంచెం లోపలికి లాగినట్టుంటుంది. ఆరు నెలలు ఆగి చూద్దాం, సరిచేయొచ్చు అన్నారు డాక్టరుగారు. నేనింకా వెళ్ళలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక పేరెంట్స్ మీటింగ్. ఆ అమ్మాయి తల్లి డిక్టేషన్ నోట్సు పట్టుకుని వచ్చింది. “మేడం, ఏమనుకోవద్దు. వావిడి అని రాస్తే రైట్ కొట్టారు. ఇది దాన్నే పట్టుకుని మీరే కరెక్టంటోంది” అంది.

“పిల్ల తప్పు కాదమ్మా, నేనే అలా పలికాను” అన్నాను. మూల మచ్చ చూపించి రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. ఆవిడ మచ్చ చూసింది, నా పెదవి చూసింది, వెనక ఎవరూ లేరని చూసుకుని కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“ఎంతయింది మేడం?”

“పెట్టడానికా, తీయడానికా?” అన్నాను.