అన్నదమ్ముల మధ్య ఒక్క అడ్డకర్ర

కొలోసియం ముందు క్యూ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎండ, తోపులాట, చిన్న నీళ్ల సీసాకి మూడు యూరోలు. మలుపు తిరిగితే వీధి పంపులో చల్లటి మంచినీళ్లు ఊరికే వస్తున్నాయి! ఒళ్లు మండి, మధ్యాహ్నం గ్రూపుని వదిలేసి స్పాన్యా మెట్రోలో దిగి, ఆ పొడవాటి సొరంగం దారిలో విల్లా బోర్గేజే పార్కుకి వెళ్లిపోయాను.

రోమ్‌లో నేను నిజంగా చూడాలనుకున్నది అక్కడి పియాజ్జా ది సియెనా. చుట్టూ పైన్ చెట్లు, మెట్లు, మధ్యలో పచ్చిక. 1960 ఒలింపిక్స్‌లో గుర్రపు జంపింగ్ వ్యక్తిగత పోటీ ఇక్కడే జరిగింది. పొసిల్లిపో అనే గుర్రం మీద రైమోందో దిన్‌జేయో స్వర్ణం గెలిచాడు. ది రాక్ అనే గుర్రం మీద రజతం గెలిచింది ఆయన సొంత అన్న పియేరో.

మెట్ల మీద కుక్కతో కూర్చున్న పెద్దాయనని ఆ పేర్లతోనే పలకరించాను. ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు నాన్నతో వచ్చి ఆ పోటీ చూశాడట! వచ్చిన కాస్త ఇంగ్లిష్‌లో, మిగతాది చేతులతో చెప్పుకుపోయాడు. దూకేటప్పుడు గుర్రం ఒక అడ్డకర్ర పడేస్తే 4 పెనాల్టీ పాయింట్లు, తక్కువ పడ్డవాళ్లే గెలుస్తారు. మొదటి రౌండ్‌లో రైమోందో ఒక్కటీ పడేయలేదు. రెండో రౌండ్‌లో 12 పెనాల్టీ పాయింట్లు పడ్డాయి. అన్నకి మొత్తం 16. అంటే ఇద్దరి మధ్య తేడా ఒక్క కర్ర. మలక్‌పేట రేసులు చూసి పెరిగిన నాకు గుర్రం పోటీ అంటే ఎవరు ముందు చేరారన్నదే. ఇక్కడ ఒక గిట్ట తగలడంతో అంతా మారిపోతుంది.

"మీరు ఎవరి వైపు?" అని అడిగాను.

"పియేరో. మా ఇంట్లో నేనే పెద్దవాణ్ణి."

తర్వాత మెట్టు అంచున ముందుకు వంగి, పిడికిళ్లు చాచి చూపించాడు. ఒకప్పుడు రౌతులు దూకేటప్పుడు వెనక్కి వాలేవారు. ఫెదెరికో కాప్రిల్లి అనే ఇటలీ సైనికాధికారి గుర్రంతోపాటు ముందుకు వంగడం నేర్పాడు. ఈ అన్నదమ్ములకి స్వారీ నేర్పిన తండ్రి కూడా అశ్విక దళంలో శిక్షకుడే.

1948 నుంచి 1976 దాకా ఇద్దరూ ఆడినవి ఎనిమిది ఒలింపిక్స్! ఎనిమిదిసార్లు ఒలింపిక్స్‌లో ఆడినవాళ్లు అంతకుముందు ఏ ఆటలోనూ లేరు. చెరో ఆరు పతకాలు. 1956లోనూ వ్యక్తిగత రజతం తమ్ముడిది, కాంస్యం అన్నది. గుర్రాల మీద ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల వల్ల ఆ పోటీలు మెల్‌బోర్న్‌లో కాక స్టాక్‌హోమ్‌లో పెట్టారు. 2013 నవంబరులో తమ్ముడు పోయాడు, 2014 ఫిబ్రవరిలో అన్న. ఈ మాట చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు పూడుకుపోయింది. నాకూ మాట రాలేదు.

మర్నాడు వాటికన్ చూశాను, బాగుంది. కానీ రోమ్ అంటే నాకు ఆ పచ్చికే. మే నెలలో అక్కడ అంతర్జాతీయ గుర్రపు పోటీలు జరుగుతాయి. వెళ్లేవాళ్లు ఆ రోజులకి ప్రయాణం పెట్టుకోండి. హోటళ్లు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి, ఆ సీజన్‌లో రేట్లు దారుణం.